ఈ ఏడు కీచురాళ్ళు రాలేదు

సెందాయ్,
జనవరి నెలాఖరు

చెల్లి మిసావోకి,

ఉత్తరం ఋతువుతో మొదలుపెట్టాలని నాన్న మనకు నేర్పాడు కాబట్టి, ముందు మంచు సంగతి. ఈసారి మంచు ఊరిని దూదిలో చుట్టి పెట్టెలో దాచినట్టు పడింది. ట్రాములు వస్తాయి, పోతాయి, చప్పుడుండదు. మనుషులు ఎదురుపడి పెదాలు కదిపి, నవ్వి, వెళ్ళిపోతారు. ఇంత మెత్తని చలికాలం నా ఎరుకలో లేదు.

ఫ్యాక్టరీలో నా కొలిమి దగ్గరా అంతే. కరిగిన జెర్మేనియం మీద వేలెడంత స్ఫటికాన్ని ఆనించి, తిప్పుతూ, కంటికి తెలియనంత నిదానంగా పైకి లాగుతాను. దాని కింద వెండిరంగు కడ్డీ పుట్టుకొస్తుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి చేతికొస్తుంది. చూస్తూ కూర్చుంటే నేను మేలుకుని ఉన్నానో, కల కంటున్నానో నాకే తెలియదు. నా జతగాడు ఒనోదెరాకు ఈ మధ్య మాట్లాడే బద్ధకం పట్టుకుంది. వేడి లెక్కలు వేసుకునే పలక మీదే సుద్దతో రాసి చూపిస్తున్నాడు. నిన్న ఏం రాశాడో తెలుసా? "షూహేయ్ గారూ, కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య మాకూ కాస్త నేర్పండి" అని.

పక్కన కొత్త షెడ్డు లేస్తోంది. సిలికాన్ కొలుములు వస్తాయట. నా జెర్మేనియం కొలిమి ఇంకెన్నాళ్ళో ఎవరూ చెప్పడం లేదు.

ఇక అసలు పని. నువ్వు చెవి మిషనుకు సర్క్యూట్ గీస్తున్నావని రాశావుగా. మా వీధి పోస్ట్‌మ్యాన్ కుమగాయ్ గారికి వినికిడి తగ్గింది. అది బయటపడితే సైకిల్ లాగేసుకుని, మూటలు కట్టే గదిలో కూర్చోబెడతారు. ఆ సైకిల్ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. ఒకటి పంపావంటే నీకు పరీక్ష అయినట్టూ ఉంటుంది, ఆయనకు సాయం చేసినట్టూ ఉంటుంది. షరతు ఒక్కటే, ఎవరి కంటా పడకూడదు. అందుకే జెర్మేనియంతో చెయ్యి. నా సరుకని చెప్పడం లేదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ నిద్ర లేవాలంటే అర వోల్టు పైన పొయ్యాలి. జెర్మేనియం అందులో మూడో వంతుకే లేచి కూర్చుంటుంది. బొత్తామంత బ్యాటరీ ఒక్కటి చాలు, అగ్గిపెట్టెలో ఇమిడిపోతుంది.

మీ వదిన తోకి నీకు ముల్లంగి ఊరగాయ పంపుతోంది. ఒక్కదానివే తినెయ్యకు.

అన్నయ్య,
షూహేయ్


సువా,
ఫిబ్రవరి

అన్నయ్యకు,

ముందు ఋతువు. ఈసారి మన సరస్సు గడ్డకట్టింది, దేవుడు దాటాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా మంచు చీలి, అంచులు పైకి లేచి, పెద్ద దారి పడింది. గుడి పూజారి గడ్డి చెప్పులతో నడిచి చూసి, పంట బాగుంటుందన్నాడు. మంచు పగిలిన చప్పుడు వసతిగృహంలోకి కూడా వినిపించింది. చిన్నప్పుడు నన్ను నీ కోటులో దూర్చుకుని ఒడ్డున నిలబడేవాడివి గుర్తుందా? నేను ఏడిస్తే, "భయపడకే, ఆయన చెప్పులు కిర్రుమంటున్నాయి, అంతే" అనేవాడివి. అది గుర్తొచ్చి ఉన్నపళంగా నిన్ను చూడాలనిపించింది.

ఊరగాయ ఒక్కదాన్నే తినేశాను. వదినకు చెప్పు.

నీ పోస్ట్‌మ్యాన్ గారికి మిషను ఈ పార్సెల్లో ఉంది. చివరి జతలోని ట్రాన్సిస్టర్లు రెండూ నువ్వు పంపిన కడ్డీలోంచి కోసిన ముక్కలే. ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి నిద్రపోతుంది. కొత్త సంవత్సరానికి అన్నం ముద్ద దంచేటప్పుడు నువ్వూ నాన్నా రోకళ్ళు మార్చి మార్చి వేసేవాళ్ళే, అలాగ. ఎవరూ మాట్లాడనప్పుడు రెండూ నిద్రే. ఆ నిద్రలోనే బ్యాటరీ మిగులుతుంది. ఆ నిద్ర చెడకుండా చూడడానికే నాకు పోయినేడాదంతా పట్టింది.

మా సెక్షన్ పెద్ద ఇవాగుచి గారికి మాత్రం ఇది నచ్చలేదు. "సిలికాన్ పెట్టి రెండు బ్యాటరీలు వెయ్యమ్మా, పెట్టె కాస్త లావైతే కొంపలేం మునిగిపోవు" అంటారు. వేసవి దాటాక ఏదో ఒకటి ఖాయం చేస్తారు. నేను సన్నగానే చేస్తానని పంతం పట్టాను. నువ్వు చెప్పింది నిజం, చెవి మిషను చూపించుకుని తిరగాలని ఎవరికుంటుంది?

ఒక్క జాగ్రత్త. చొక్కా పైజేబులోనే, గాలి తగిలేలా పెట్టుకోమను. ఒంటికి ఆనించకూడదు. వేడి పది డిగ్రీలు పెరిగితే జెర్మేనియంలో లీకేజీ, అదే నిద్రలో కారిపోయే కరెంటు, రెట్టింపవుతుందని నాకు చెవి మెలేసి మరీ నేర్పినవాడివి నువ్వే.

మిసావో


సెందాయ్,
ఏప్రిల్

మిసావోకి,

చెర్రీ పూలు రాలుతున్నాయి. నదిలో తెల్లగా తేలిపోతున్నాయి.

నీ మిషను పనిచేసింది! కుమగాయ్ గారు ఆనందం పట్టలేకపోతున్నారు. మొదటి రోజు దాన్ని అరచేతిలో పెట్టుకుని, వంటింటి తలుపు వెనక నిలబడ్డారట. లోపల భార్య బియ్యం కడుగుతోంది. గిన్నెలో గింజలు తిరిగే చప్పుడు, నీళ్ళు వంపిన చప్పుడు, మళ్ళీ గింజలు. ఆ చప్పుడనేది ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయారట. ఆవిడ తనలో తాను ఏదో పాట కూనిరాగం తీస్తోంది. పెళ్ళైన కొత్తలో పాడేదట. ఎప్పుడు మానేసిందా అనుకుంటున్నారు ఇన్నాళ్ళూ, ఆవిడ మాననే లేదు. తలుపు వెనకే కళ్ళు తుడుచుకున్నారు.

పనిలో కూడా పెట్టుకుంటున్నారు. ఎవరూ కనిపెట్టలేదు.

ఇక్కడ మామూలే. కొలిమిని చల్లబరిచే నీళ్ళు ఆగిపోతే మోగే గంట ఒకటుంది కదా. దాని పక్కన పోయినేడే ఎర్ర దీపం కూడా తగిలించారు, సరిగ్గా నా కళ్ళెదురుగా. మైక్రోఆంపియర్ మిగిల్చాలని నువ్వక్కడ తల బద్దలు కొట్టుకుంటుంటే, గంట ఉండగా దీపం కూడా వెలిగిస్తోంది మా కంపెనీ.

షూహేయ్


సువా,
మే

అన్నయ్యకు,

కొండల మీద కొత్త చిగుళ్ళు. ఋతువు అయిపోయింది, ఇప్పుడు అసలు మాట.

నీ ఉత్తరం మా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ చదివి వినిపించాను. బియ్యం కడిగే ముచ్చట వచ్చేసరికి, టంకం పెట్టే అమ్మాయి ఒకతె ఏడ్చేసింది. ఇవాగుచి గారు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని, "సరే, వేసవి కానీ, చూద్దాం" అన్నారు. అంటే నాకు వేసవి దాకా గడువు దొరికినట్టే.

ఆ పోస్ట్‌మ్యాన్ గారు నీతో పెళ్ళాం పాటల దాకా చెప్పుకుంటున్నారంటే గట్టి స్నేహమే కుదిరినట్టుంది. నువ్వా, పక్కింటివాళ్ళకు నమస్కారం పెట్టడానికే సిగ్గుపడే మనిషివి!

మిసావో


సెందాయ్,
జులై

మిసావోకి,

ఎండలు ముదిరాయి. వింతేమిటంటే ఈ ఏడు కీచురాళ్ళు రాలేదు. ఇంటి ముందు జెల్కోవా చెట్లు పచ్చగా, నిశ్చలంగా, నీటి అడుగున పెరిగిన మొక్కల్లా నిలబడి ఉన్నాయి. తోకి చూరుకు గాలిగంట కట్టింది. కింద కాగితం ముక్క రోజంతా ఊగుతోంది గానీ, గంట మోగడం లేదు. నాలుక అరిగిపోయిందేమో. నేను చాప మీద పడుకుని ఆ కాగితాన్నే చూస్తుంటాను. ఎక్కడో చాలా దూరంలో ఉన్నట్టుంటుంది. ఈ ప్రశాంతత నాకు అలవాటైపోతోంది.

కుమగాయ్ గారి మిషను చెడింది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నమయ్యేసరికి జలపాతం హోరు. ఆ తరువాత మొత్తానికే మూగబోతుంది. బ్యాటరీ చూస్తే చచ్చిపోయి ఉంటుంది. జేబులోనే పెట్టుకుంటున్నారు, నేను గట్టిగా చెప్పాను. పోయినవారం ఆయనకు పనిలో పెద్ద గండం తప్పింది. వెనక నుంచి ఎవరో అరిస్తే వినబడలేదు. ఇంకొకసారి అలా జరిగితే సైకిల్ పోయినట్టే.

త్వరగా ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

షూహేయ్


సువా,
జులై

అన్నయ్యకు,

ఋతువుకు టైము లేదు. నీ ఉత్తరం చదివి నా ప్రాణం ఉసూరుమంది.

నా దగ్గరున్న మిషన్లన్నీ ఎండలో పెట్టి చూశాను. మధ్యాహ్నం ఎండకు కూడా ఇలా కాలేదు. వేడెక్కితే ట్రాన్సిస్టర్లకు పోసే కరెంటును తగ్గించే బుల్లి భాగం ఒకటి అందులో ముందే పెట్టాను. సెందాయ్ వేసవికి అది సరిపోవాలి. కొత్తది కట్టి పంపుతున్నాను. ఇదీ చెడితే నా సర్క్యూట్‌లో నాకు తెలియని జబ్బేదో ఉన్నట్టు లెక్క, ఇవాగుచి గారు నా కాగితాలు పక్కన పడేస్తారు.

నువ్వు మధ్యలో ఉంటే సంగతులు సగమే వస్తున్నాయి. కుమగాయ్ గారినే వివరంగా రాయమను. ఏ పూట, ఎంత వేడిలో, ఎలాంటి చప్పుడు వస్తోందో ఏదీ వదలకుండా రాయాలి.

మిసావో


సెందాయ్,
ఆగస్టు

మాననీయులైన మిసావో గారి సముఖమునకు,

మా ఊళ్ళో తానాబాతా పండుగ జరుగుచున్నది. వీధుల నిండా వెదురు గడలకు కట్టిన రంగు కాగితాల తోరణములు చప్పుడు లేకుండా ఊగుచున్నవి. తమరు క్షేమమని తలుస్తాను. నేను ఉత్తరములు పంచువాడనే గానీ వ్రాయువాడను కాను. తప్పులున్న మన్నించగలరు.

తమరు పంపిన రెండవ మిషనుకూడ మధ్యాహ్నము దాటాక చెడినది. చివరి జతలో రెండు ట్రాన్సిస్టర్లకు నిద్ర చెడి, నిశ్శబ్దములో తాగవలసినదానికి ఎన్నో రెట్లు కరెంటు తాగుచున్నవి. లీకేజీ పెరిగినకొద్దీ వేడి, వేడి పెరిగినకొద్దీ లీకేజీ. పదార్థములో మలినముల వల్ల కాదని మనవి. ఆ కడ్డీ మిక్కిలి శుద్ధమైనది, అందులో సందేహము వలదు.

తమరి అన్నగారు ఎంతో మంచివారు.

విధేయుడు,
కుమగాయ్, పోస్ట్‌మ్యాన్


సువా,
ఆగస్టు

మహారాజశ్రీ పోస్ట్‌మ్యాన్ గారికి,

మీ తపాలా ఆఫీసులో ట్రాన్సిస్టర్ల నిద్ర గురించి కూడా పాఠాలు చెబుతారని తెలియక ఇన్నాళ్ళు చదువు పాడుచేసుకున్నాను. ఇంతటి పండితులు సైకిలేసుకుని తిరుగుతున్నారంటే దేశం బాగుపడినట్టే. కడ్డీ మీద ఈగ వాలనివ్వకుండా వాదించారే, అది మాత్రం నాకెంతో నచ్చింది.

అన్నయ్యా.

ఇంతవరకు నవ్వుకుంటూ రాశాను. ఇక చేతకావడం లేదు.

పోయినవారం మా దగ్గరి గుమాస్తా సెందాయ్ పండుగ చూసి వచ్చాడు. ఊరెలా ఉందని అడిగితే, "తోరణాల మాట దేవుడెరుగు, కీచురాళ్ళ రొదకు చెవులు చిల్లులు పడ్డాయండీ, మధ్యాహ్నం కునుకు తీస్తే ఒట్టు" అన్నాడు. గదికి వెళ్ళి నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. చప్పుడు లేని ట్రాములు. మాట్లాడే బద్ధకం పట్టుకున్న ఒనోదెరా. కాగితం ఊగుతున్నా మోగని గంట. నీ ఉత్తరాలు ఈ మధ్య మరీ అందంగా ఉంటున్నాయి, అప్పుడే నాకు అనుమానం రావలసింది. నువ్వు కలలో ఉన్నావనుకున్నాను. నీకు వినబడడం లేదు.

నాకు కోపంగా ఉంది. చెప్పనందుకు కాదు. నీళ్ళ గంట మోగితే నీకు వినబడదు కదా. ఆ కొలిమి పగిలితే? నువ్వొక్కడివే కాదు, పక్కన ఒనోదెరా ఉన్నాడు. వెనక నుంచి అరిస్తే వినబడని ఆ రోజు ఏం జరిగింది? నిన్ను ఏ గిడ్డంగిలోనో కూర్చోబెడతారేమోనని నీ భయం. నిన్ను అసలే లేకుండా చేస్తుందేమోనని నా భయం.

ఇప్పుడు సర్క్యూట్ గీసినదానిగా అడుగుతున్నాను. చొక్కా జేబులో ఉన్న మిషను అలా చావదు. నెలరోజులుగా నాలో నేను తప్పు వెతుక్కుంటున్నాను. దాన్ని ఎక్కడ దాస్తున్నావు?

పెట్టెలో రెండు మిషన్లు ఉన్నాయి. సన్నది జెర్మేనియం, ఒక బ్యాటరీ, బయట గాలికి పెట్టుకుంటేనే పనిచేస్తుంది. లావుది ఇవాగుచి గారి మాట మీద కట్టిన సిలికాన్‌ది. రెండు బ్యాటరీలు, ఎంత వేడిలోనైనా పనిచేస్తుంది, కానీ దాన్ని దాచే చోటు నీ ఒంటి మీద ఎక్కడా లేదు. ఏది పెట్టుకున్నా నలుగురి కళ్ళా పడాల్సిందే. దాచుకునే మనిషికి సరిపోయే సర్క్యూట్ నాకు చేతకాదు.

నువ్వు లేకపోతే ఆ సరస్సు చప్పుడుకు నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

నీ చెల్లి


సెందాయ్,
ఆగస్టు నెలాఖరు

మిసావోకి,

పొట్టపట్టీలో దాచాను.

నవ్వుకో. ఎంత ఎండైనా కడుపు చల్లబడకూడదని అమ్మ చిన్నప్పుడు చుట్టిన ఊలు పట్టీ, ఇప్పటికీ అది లేనిదే బయట అడుగుపెట్టను. దాని మడతలో మిషను, కాలరు కిందుగా తీగ, చెవి కనబడకుండా తలకు చుట్టిన తువ్వాలు. పైగా కొలిమి ముందు కూర్చోవడం. జెర్మేనియాన్ని వేడికి దూరంగా ఉంచాలని నీకు చెవి మెలేసి నేర్పినవాణ్ణి, నా చేతులతో పెంచిన స్ఫటికాన్ని నా పొట్ట మీదే ఉడకబెట్టాను. ఆ గుడ్డలోంచి సన్నని చప్పుళ్ళు లోపలికే పోలేదు. నీ తప్పేమీ లేదు తల్లీ. నెలరోజులు నిన్ను అలా వెతికించినందుకు నాకు సిగ్గుగా ఉంది.

సోమవారం పొద్దున లావు మిషను చొక్కా మీద, గుండెలకెదురుగా తగిలించుకుని, తువ్వాలు లేకుండా పనిలోకి వెళ్ళాను. ఒనోదెరా పెట్టెను చూశాడు, నా చెవిని చూశాడు, సుద్దముక్క చేతిలోంచి కింద పడేశాడు.

"హమ్మయ్య! ఈ పని ముందే చేసుంటే నా గొంతు మిగిలేది కదండీ. అరిచీ అరిచీ మా ఆవిడ మీద కూడా అరుస్తున్నా" అన్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలియనిదెవరికండీ? కుక్కపిల్లక్కూడా తెలుసు."

దీపం గుర్తొచ్చింది. "అయితే కంపెనీ ఆ ఎర్ర దీపం..." అన్నాను.

"కంపెనీయా, వల్లకాడా? మేమే పెట్టాం. పోయినేడు గంట మోగుతుంటే మీరు స్ఫటికంకేసి చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నారు. నేను ఉరికొచ్చి కొలిమి ఆపేశాను. ఇంకేం చేస్తాం మరి?"

"పైవాళ్ళకు చెప్పకపోయావా?"

"చెబితే మిమ్మల్ని తీసేస్తారు. ఇంకొకడొచ్చి కూర్చుంటే ఆ కొలిమి వాడి మాట వింటుందా?"

వాడి గొంతు అంత బొంగురుగా ఉంటుందని మరిచిపోయాను. పక్కకు తిరిగి, కొలిమిని చూస్తున్నట్టు నిలబడ్డాను. నేను దాచాననుకున్నన్నాళ్ళూ, వాళ్ళు నా కోసం దాచారు.

మధ్యాహ్నం నేనే ఫ్యాక్టరీ పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను, దీపం సంగతితో సహా. ఆయన నా పెట్టెకేసి చూసి, "కొత్త షెడ్డులో సిలికాన్ కొలుములకు కూడా గంట పక్కన దీపాలు పెట్టాలంటావా?" అన్నాడు. పెట్టాలన్నాను. "అయితే ఎక్కడెక్కడ ఉండాలో నువ్వే గీసివ్వు. ఎలాగూ అక్కడికి రావలసినవాడివే" అన్నాడు. అంతే. నా సైకిల్ నాకు మిగిలింది.

ఇంటికెళ్ళేసరికి తోకి చూరు కింద కూర్చుని ఉంది. నా రొమ్ము మీద పెట్టె చూసింది. లేచి, గాలిగంట కాగితాన్ని వేలితో ఒకసారి తట్టింది. నా మొహం చూసి, "మోగిందా?" అంది. నాలుక అరగలేదు మిసావో.

ఇప్పుడు పదార్థాలవాడిగా ఒక మాట. జెర్మేనియం నా జీవితం, నీకు తెలుసు. అయినా ఇవాగుచి గారి మాటే విను, సిలికాన్‌తోనే చెయ్యి. నువ్వు జేబులో పెట్టుకోమని చీటీ రాసి పెడతావు, జనం వినరు. పొట్టపట్టీలో పెడతారు, నడుం గుడ్డలో దోపుతారు, చంకలో దూరుస్తారు. మనిషి సిగ్గుపడి దాచుకునే చోటల్లా వేడిగానే ఉంటుంది. అక్కడ నా స్ఫటికం నిలబడదు. వాళ్ళు సిగ్గు మానే దాకా వాళ్ళకు వినబడుతూ ఉండాలి కదా. పెట్టెను సన్నగా చెయ్యడానికి నీకింకా బోలెడు జీవితం ఉంది.

చలికాలం సరస్సు గడ్డకట్టగానే తంతి ఇవ్వు, నేనూ మీ వదినా వస్తాం. కోటులో నువ్వు పట్టవు గానీ, పక్కన నిలబడతాను.

ఇంత రాశాక చూసుకుంటే, ముందు ఋతువు రాయడం మరిచిపోయాను. నాన్న ఉంటే మొట్టికాయ వేసేవాడు. ఇక్కడ ఎండ తగ్గలేదు. ఇంటి ముందు చెట్ల మీద కీచురాళ్ళు గోల గోల చేస్తున్నాయి. పొద్దుటినుంచి ఒకటే రొద, ఉత్తరం కూడా సరిగ్గా రాయనివ్వడం లేదు.

అన్నయ్య,
షూహేయ్